ఆర్ లెపోరిస్: సూర్యుడికి 400 రెట్లు ఉన్న నక్షత్రం కంటికి ఆనకపోవడం ఏంటి?

డాబామీద_చుక్కలు:

అందరికీ నమస్కారం. మొన్న శనివారం రాత్రి మా అమ్మాయిని తీసుకుని హార్స్‌లీ హిల్స్ వెళ్లాను, 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని. అమావాస్య దగ్గర్లో ఉంది, ఆకాశం బాగా నల్లగా దొరికింది. ఓరియన్ నెబ్యులా అయ్యాక, చాలా రోజులుగా చూడాలనుకుంటున్న ఆర్ లెపోరిస్ కోసం వెతికాం. రైజెల్ కింద కుందేలు మండలం ఉంటుంది కదా, అందులో ఆర్నెబ్ నుంచి మ్యూ లెపోరిస్‌కి గీత గీసి, అదే దారిలో ఇంకో మూడున్నర డిగ్రీలు ముందుకు వెళ్లాలి. దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దొరికాక మాత్రం అనుమానమే అక్కర్లేకపోయింది. చుట్టూ ఉన్నవన్నీ తెల్లటి చుక్కలు, మధ్యలో ఇదొక్కటి ఎర్రగా, అచ్చం రక్తపు బొట్టులా. 1845లో లండన్‌లో జాన్ రస్సెల్ హైండ్ దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన కూడా నల్లటి నేపథ్యం మీద రక్తపు చుక్కతోనే పోల్చాడట. ఎందుకన్నాడో ఐపీస్‌లో చూశాక అర్థమైంది.

ఇప్పుడు అసలు సంగతి. నా అంచనాలో ఆ రాత్రి అది 8, 9 మాగ్నిట్యూడ్ మధ్య ఉంది (మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, సంఖ్య పెరిగేకొద్దీ చుక్క మసక), అంటే టెలిస్కోపు లేకుండా కనిపించే ప్రశ్నే లేదు. కానీ చదివిన చోటల్లా ఇది రెడ్ జెయింట్ (వయసు మళ్లి ఉబ్బి, పైన చల్లబడిన నక్షత్రం) అనీ, సూర్యుడికి 400 రెట్లు, ఇంకా ఎక్కువ వెడల్పు ఉంటుందనీ రాసి ఉంది. అంత పెద్దది అయ్యుండి ఇంత మసకగా ఎందుకుంది? దూరం అంటారు, సరే, కానీ ఆర్ద్ర కూడా వందల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అదేమో ఊళ్లో వీధిలైట్ల మధ్య కూడా కనిపిస్తుంది.

రెండోది మా అమ్మాయి అడిగింది, నా దగ్గర జవాబు లేదు. తను ఇంటర్ సెకండియర్. "నాన్నా, దీని ఉష్ణోగ్రత 2,500 కెల్విన్ అంటున్నావు, పాత ఫిలమెంట్ బల్బులో తీగ కూడా 2,700 దాకా ఉంటుందని మా సార్ చెప్పారు, మరి బల్బు పసుప్పచ్చగా వెలుగుతుంటే ఇదెందుకు రక్తంలా ఉంది?" అంది. కొండ దిగేదాకా అదే ఆలోచించాను. తెలిసినవాళ్లు చెప్తారా? వీలైతే దాని సైజు, వేడి, బరువు ఎలా కొలుస్తారో కూడా.

—

కొలిమి_వరంగల్:

మంచి ప్రశ్నలు. మొదటిదానికి నేను చెప్తాను, ఇది క్లాసులో ప్రతి ఏడూ చేయించే లెక్కే.

నక్షత్రం మొత్తం మీద ఎంత శక్తి వెదజల్లుతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది, ఉపరితల వైశాల్యం, ఉష్ణోగ్రత. వైశాల్యం వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి 400 రెట్ల వ్యాసార్ధం అంటే 1,60,000 రెట్ల వైశాల్యం. ఇక్కడిదాకా చాలా గొప్పగా ఉంది. కానీ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో లెక్కలోకి వస్తుంది, అక్కడే దెబ్బ. సూర్యుడి ఉపరితలం 5,770 కెల్విన్, దీనిది 2,500 అనుకుందాం, నిష్పత్తి 0.43, దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 0.035. అంటే సూర్యుడి మీద ఒక చదరపు మీటరు ఇచ్చే శక్తిలో ఇక్కడి చదరపు మీటరు నూటికి మూడున్నర వంతే ఇస్తుంది. 1,60,000ని 0.035తో గుణించండి, 5,600 వస్తుంది. పుస్తకాల్లో ఇచ్చే ఐదారు వేల సూర్యుల ప్రకాశం అంటే ఇదే.

అయినా అది చిన్న సంఖ్యేం కాదు. ఇప్పుడు దూరం చూద్దాం. 1,350 కాంతి సంవత్సరాలు అని తీసుకుంటే, అంత దూరంలో మన సూర్యుణ్ని పెడితే 13వ మాగ్నిట్యూడ్ చుక్కలా ఉంటాడు, మీ 8 అంగుళాల టెలిస్కోపులో కష్టపడి వెతకాలి. దానికి 5,600 రెట్లు అంటే తొమ్మిదికి కాస్త పైన మాగ్నిట్యూడ్‌లు తగ్గి 3.5 దగ్గర, మామూలు కంటికి హాయిగా కనిపించాలి. కనిపించట్లేదు. ఎందుకంటే ఆ 5,600లో మన కంటికి పనికొచ్చేది కొంచెమే. 2,500 కెల్విన్ వస్తువు ఎక్కువ కాంతిని ఇచ్చేది 1.16 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగం దగ్గర, మన కన్ను 0.7 దాటితే గుడ్డిది. మిగతాదంతా ఇన్‌ఫ్రారెడ్‌లో పోతోంది. 2.2 మైక్రాన్ల దగ్గర చూసే కెమెరాకి ఇదే నక్షత్రం సున్నా మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది, అంటే మన కళ్లు అక్కడ పనిచేసి ఉంటే రాత్రి ఆకాశంలో బాగా మెరిసే చుక్కల్లో ఇదొకటి అయ్యేది.

ఇంకొకటి. దీని వెలుగు 5.5 నుంచి 11.7 మాగ్నిట్యూడ్ దాకా ఊగుతుంది, సుమారు 14 నెలలకొకసారి. బాగా తగ్గినప్పుడు, మనకు కనిపించే కాంతి వరకే చూస్తే, ఇది ఆ దూరంలోని సూర్యుడికన్నా మూడు రెట్లే ఎక్కువ. అంతే. 400 రెట్ల గోళం, మూడు సూర్యుల వెలుగు! నాకైతే ఈ ఒక్క పోలిక చాలు, "మసక నక్షత్రం" అనే మాట కంటిని బట్టి పుట్టిందే తప్ప నక్షత్రాన్ని బట్టి కాదని పిల్లలకి చెప్పడానికి.

సైజు కొలవడం గురించి: వేర్వేరు చోట్ల పెట్టిన టెలిస్కోపుల కాంతిని కలిపి చూస్తారు, ఇంటర్‌ఫెరోమెట్రీ అంటారు. ఆకాశంలో దీని వెడల్పు ఒక ఆర్క్ సెకండులో (డిగ్రీలో 3,600వ వంతు) వందో వంతు దగ్గర ఉంటుంది. హైదరాబాద్‌లో నిలబడి బెంగళూరులో ఉన్న రూపాయి బిళ్లను చూడటం లాంటిది. ఆ కోణాన్ని దూరంతో గుణిస్తే అసలు వెడల్పు. సూర్యుడి స్థానంలో దీన్ని పెడితే మన భూమిని, కుజుణ్ని దాటిపోతుంది.

—

మసిపట్టిన_లాంతరు:

అమ్మాయి అడిగిన ప్రశ్న అసలైన ప్రశ్న. తనకు నా తరఫున శభాష్ చెప్పండి.

2,500 కెల్విన్ వేడి వస్తువు, దారిలో ఏ అడ్డూ లేకపోతే, రక్తంలా కనిపించదు, నారింజ కలిసిన పసుపులా కనిపిస్తుంది. తను అన్నట్టే బల్బులా. ఆర్ద్ర, జ్యేష్ఠ, రోహిణి చూడండి, అన్నిటినీ ఎరుపు అంటాం గానీ నిజానికి నారింజ రంగే. ఆర్ లెపోరిస్ అంత ఎర్రగా ఉండటానికి కారణం వేడి తక్కువ కావడం ఒక్కటే కాదు, దాని వాతావరణంలో ఉన్న కార్బన్.

మామూలు నక్షత్రాల్లో కార్బన్ కన్నా ఆక్సిజన్ ఎక్కువ. చల్లటి వాతావరణంలో ఈ రెండూ కలిస్తే కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అది చాలా గట్టి బంధం, ఒకసారి జతపడితే విడిపోదు. కాబట్టి ఏది తక్కువుంటే అది మొత్తం అందులో ఖర్చయిపోతుంది, ఎక్కువున్నది మిగులుతుంది. మామూలు రెడ్ జెయింట్‌లో ఆక్సిజన్ మిగిలి టైటానియం ఆక్సైడ్ లాంటివి తయారవుతాయి. ఇక్కడ తిరగబడింది, కార్బన్ మిగిలింది. మిగిలిన కార్బన్ రెండేసి పరమాణువులు జతకట్టి సీ2గా, నైట్రోజన్‌తో కలిసి సీఎన్‌గా, మూడేసి కలిసి సీ3గా తయారవుతుంది. ఇవన్నీ నీలం, ఊదా, కొంత ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. బయటికి వచ్చేది ఎరుపు ఒక్కటే. మీ వంటింట్లో గ్యాస్ స్టవ్ మంట మొదట్లో నీలం ఆకుపచ్చ కలిసిన వెలుగు కనిపిస్తుంది చూడండి, అందులో ఆకుపచ్చ భాగం ఈ సీ2 ఇచ్చేదే. స్టవ్‌లో అది ఆ రంగును ఇస్తుంది, నక్షత్రం మీద అదే రంగును తీసేసుకుంటుంది. 1860ల్లో ఇటలీలో ఆంజెలో సెక్కీ స్పెక్ట్రోస్కోపుతో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం), ఇలా మింగేసిన రంగుల చోట కనిపించే నల్ల పట్టీలను చూసి ఇలాంటి నక్షత్రాలను విడిగా ఒక తరగతిలో పెట్టాడు.

పైగా కొంచెం పైకి వెళ్లాక వేడి తగ్గి కార్బన్ గడ్డకట్టి మసి అవుతుంది. నిజమైన మసే, అలంకారం కాదు. నా చిన్నప్పుడు కరెంటు పోతే లాంతరు వెలిగించేవాళ్లం, ఒత్తి ఎక్కువైతే చిమ్నీకి మసి పట్టి లోపల మంట అలాగే ఉన్నా గదిలో వెలుగు తగ్గి ఎర్రబడేది. ఈ నక్షత్రం తన చిమ్నీని తనే మసిచేసుకుంటోంది. కొలిమి గారు చెప్పిన 3.5కీ, మీరు చూసిన 8, 9కీ మధ్య ఉన్న తేడాలో ఈ అణువులకూ మసికీ పెద్ద వాటా ఉంది.

ఆ కార్బన్ ఎక్కడిదంటే, నక్షత్రం నడిమధ్యలో భూమి అంత సైజులో ఒక గట్టి గుండ్రాయి ఉంటుంది, కార్బన్, ఆక్సిజన్‌లతో చేసినది. దాని చుట్టూ పల్చటి పొరలో హీలియం మూడేసి కేంద్రకాలు కలిసి కార్బన్ అవుతుంది. ఆ పొర ఎప్పుడూ నిలకడగా మండదు, వేల ఏళ్లకొకసారి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ప్రతి భగ్గు తర్వాత పైనున్న మరుగుతున్న వాయువు లోతుకి దిగి ఆ కార్బన్‌ను పైకి తోడుకొస్తుంది, బావిలో చేద వేసినట్టు. అలా తోడగా తోడగా ఒకరోజు ఆక్సిజన్‌ను దాటిపోతుంది.

ఇలాంటి నక్షత్రాల్లో లోపలే బరువైన మూలకాలు పుడతాయని నమ్మించిన సాక్ష్యం కూడా ఉంది. 1952లో పాల్ మెరిల్ కొన్ని రెడ్ జెయింట్ల వర్ణపటంలో టెక్నీషియం గీతలు కనిపెట్టాడు. టెక్నీషియంకి స్థిరమైన రూపమే లేదు, అక్కడ పుట్టే రకం రెండు లక్షల ఏళ్లకి సగమైపోతుంది. నక్షత్రం వయసు కోట్ల ఏళ్లు. మొదట్నుంచీ ఉన్నదైతే ఎప్పుడో పోయుండాలి, అంటే అది అక్కడే, ఈమధ్యనే తయారైంది. కెమిస్ట్రీ చదివినవాడిగా నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు.

—

నైట్‌షిఫ్ట్_కుర్రాడు:

చాలా బాగా చెప్పారు సార్. ఒక డౌట్, ఇది కూడా ఆర్ద్ర లాగా చివర్లో పేలిపోయి సూపర్‌నోవా అవుతుందా? అప్పుడు పగలు కూడా కనిపిస్తుందా?

—

కొలిమి_వరంగల్:

అవదు తమ్ముడూ. సూపర్‌నోవాకి పుట్టినప్పుడే కనీసం 8 సూర్యుల బరువుండాలి, ఇలా కార్బన్ మిగిలిన నక్షత్రాలు, అంటే కార్బన్ స్టార్లు, సాధారణంగా 1.5 నుంచి 4 సూర్యుల బరువుతో పుట్టినవి. ఇది మెల్లగా పైపొరల్ని వదిలేస్తుంది, లోపలి గుండ్రాయి తెల్లమరుగుజ్జుగా (మెల్లగా చల్లారే చిన్న నక్షత్ర శేషం) మిగులుతుంది. పైపొరలు వదిలేయడం ఎంత తేలికో చూడు: ఉపరితలం మీద గురుత్వం సూర్యుడి మీదున్న దాంట్లో లక్షో వంతుకి దగ్గర, భూమి మీదున్న దాంతో పోల్చినా వేల వంతుల్లో ఒకటి. సగటు సాంద్రత మనం పీల్చే గాలి కన్నా వేల రెట్లు తక్కువ. "ఉపరితలం" అనే మాటే సరిగ్గా అతకదు. పైన మసి రేణువులు తయారవగానే నక్షత్రం కాంతి వాటిని బయటికి నెడుతుంది, అవి వాయువును కూడా లాక్కుపోతాయి, సెకనుకి 10, 20 కిలోమీటర్ల వేగంతో. మసి గారు చెప్పిన కార్బన్ ఆకాశంలోకి చేరే దారి ఇదే.

—

అమావాస్య_అనంతపురం:

ఫిజిక్స్ అంతా పెద్దలు చెప్పారు, చూడటం గురించి నేను చెప్తాను, ఎందుకంటే డాబామీద గారి "8, 9 మధ్య" అంచనా మీద నాకు కొంచెం అనుమానం ఉంది. తప్పు పట్టడం కాదండి, ఎర్ర నక్షత్రాలతో అందరికీ ఇదే ఇబ్బంది.

చీకట్లో మన కంట్లో పనిచేసే కణాలకి ఎరుపు దాదాపు కనిపించదు, వెలుతురులో పనిచేసేవాటికే కనిపిస్తుంది. అందుకే ఎర్ర చుక్కను క్రీగంట చూస్తే మసకబారుతుంది, నేరుగా తేరిపార చూస్తూ కూర్చుంటే క్రమంగా ప్రకాశం పెరిగినట్టు అనిపిస్తుంది. పక్కన తెల్ల చుక్కతో పోల్చేటప్పుడు ఈ తేడా అర మాగ్నిట్యూడ్ దాకా మోసం చేస్తుంది. తేరిపార చూడకండి, చప్పున ఒక చూపు దీని మీద, ఒక చూపు పోల్చే చుక్క మీద. ఫోకస్ కొంచెం తప్పించి రెండిటినీ చిన్న బిళ్లల్లా చేసి పోల్చితే ఇంకా మేలు. పోల్చే చుక్కల చార్టు ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల అమెరికన్ సంఘం) వాళ్ల సైట్‌లో నక్షత్రం పేరు కొడితే ఉచితంగా వస్తుంది, మీ అంచనా కూడా అక్కడే ఇవ్వొచ్చు. ఇలా నెలల తరబడి వెలుగు మారే దీర్ఘకాల చంచల తారల లెక్కల్లో చాలా భాగం ఇలా ఇంటి డాబాల మీంచి చూసినవాళ్లు ఇచ్చినవే.

ఇంకో మాట, వెలుగు తగ్గినప్పుడే ఎరుపు ఎక్కువ. శిఖరం దగ్గర చూసినవాళ్లు "ఏముంది, మామూలు నారింజే కదా" అని నిరాశపడటం నేను విన్నాను. మీకు రక్తపు బొట్టులా కనిపించిందంటే మంచి సమయంలోనే చూశారు.

—

తలకిందుల_కుందేలు:

మెల్‌బోర్న్ నుంచి. ఇక్కడ మాకు ఓరియన్ తలకిందులుగా ఉంటుంది, కుందేలు అతని కాళ్ల మీద, ఇంకా పైకి ఎక్కి కూర్చుంటుంది, కాబట్టి ఆర్ లెపోరిస్ జనవరి రాత్రుల్లో బాగా ఎత్తులో దొరుకుతుంది.

కొలిమి గారి లెక్కలో ఒక్కచోట జాగ్రత్త చెప్పాలి. దూరం 1,350 అని గట్టిగా తీసుకున్నారు, కొన్నిచోట్ల 1,500 పైన కూడా కనిపిస్తుంది. దూరం మారితే వెడల్పు మారుతుంది, ప్రకాశం మారుతుంది, కాబట్టి 400ని కూడా "400, 500 ఆ ప్రాంతం" అనుకోవాలి. ఇంత దగ్గర నక్షత్రానికి ఇంత తేడా ఎందుకంటే, దూరం కొలిచేది భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం అటూ ఇటూ ఎంత కదిలినట్టు కనిపిస్తుందో చూసి. ఆ కదలిక భూమి, సూర్యుల మధ్య దూరానికి సరిపడా కోణం. ఈ నక్షత్రం వెడల్పేమో ఆ దూరానికి మూడు నాలుగు రెట్లు! చుక్క కదలికను కొలుద్దామంటే చుక్కే కదలిక కన్నా పెద్దది. దానికి తోడు దాని ముఖం సమంగా ఉండదు, పెద్ద పెద్ద మరుగుడు బుడగలు వచ్చి ఒకవైపు ఎక్కువ వెలుగుతుంది, కొన్నాళ్లకు ఇంకోవైపు. ఆ వెలుగు కేంద్రం జరగడాన్ని కూడా మన పరికరం కదలికే అనుకుంటుంది.

డాబామీద గారికి నచ్చే విషయం ఇంకోటి ఉంది. 2023లో చిలీలోని అటకామా ఎడారిలో ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపు తన చరిత్రలో అత్యంత సూక్ష్మమైన వివరాన్ని చూపించింది, అందుకు వాళ్లు ఎంచుకున్న లక్ష్యం ఇదే ఆర్ లెపోరిస్. యాంటెనాలను 16 కిలోమీటర్ల దాకా దూరంగా పరిచి, ఆర్క్ సెకండులో వెయ్యింట 5 వంతుల వివరం సాధించారు, చంద్రుడి మీద ఆగి ఉన్న 10 మీటర్ల బస్సును ఇక్కడినుంచి గుర్తుపట్టినంత. నక్షత్రం బిళ్ల, దాని చుట్టూ హైడ్రోజన్ సైనైడ్ వాయువు మేసర్‌గా (లేజర్ లాంటిదే, కాకపోతే రేడియో తరంగాల్లో) మెరుస్తున్న చోట్లు విడివిడిగా కనిపించాయి. హైడ్రోజన్ సైనైడ్‌లో ఉన్నది కూడా మసి గారి కార్బనే.

—

కొలిమి_వరంగల్:

ఒప్పుకుంటున్నాను, దూరం విషయంలో మీరన్నది నిజం. క్లాసు లెక్కకి ఒక సంఖ్య పట్టుకున్నాను. 1,500 తీసుకున్నా సూర్యుడు 13 దగ్గరే ఉంటాడు, తక్కువ వెలుగులో మూడు రెట్లు కాస్తా నాలుగు రెట్లవుతుంది, చెప్పదలచుకున్న విషయం మారదు.

వెలుగు ఊగడం గురించి ఒకటి రాయడం మర్చిపోయాను. 5.5 నుంచి 11.7 అంటే కంటికి 300 రెట్ల తేడా. కానీ ఈ జాతి నక్షత్రాల్లో అన్ని రకాల కాంతీ కలిపి చూస్తే మారేది మహా అయితే రెండు మూడు రెట్లే. నక్షత్రం ఉబ్బి చల్లబడినప్పుడు కాంతి ఇన్‌ఫ్రారెడ్‌కి జరుగుతుంది, అణువులు పెరిగి మిగిలిన కాస్తనీ మింగుతాయి. దీపం ఆరడం కాదు, తెర దట్టమవడం.

—

డాబామీద_చుక్కలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయికి మొత్తం చదివి వినిపించాను. బల్బు విషయం చెప్పగానే లేచి వంటింట్లోకి వెళ్లి లైటు ఆర్పేసి స్టవ్ వెలిగించి, మంట మొదలు వంగి చూస్తూ నన్ను పిలిచింది. ఇద్దరం ఆ చీకట్లో కాసేపు అలాగే చూశాం. ఆకుపచ్చ కనిపించింది.

అమావాస్య గారూ, మీ పద్ధతిలో చార్టు తీసుకుని నిన్న మళ్లీ చూశాను, ఈసారి మా డాబా మీంచే. 8.7 అని వేసుకున్నాను, తను విడిగా 9 అని రాసుకుంది, నాది చూడకుండా. రెండూ ఇవ్వొచ్చా, ఒకటే ఇవ్వాలా? ఎన్ని రోజులకొకసారి చూస్తే ఉపయోగం?

—

అమావాస్య_అనంతపురం:

రెండూ ఇవ్వండి, ఎవరి పేరు మీద వాళ్లు, కలిపి సగటు తీయొద్దు. 14 నెలల చక్రానికి పది పదిహేను రోజులకొకసారి చాలు. మే వచ్చేసరికి సూర్యుడి దగ్గరికి వెళ్లిపోయి కనిపించదు, ఆగస్టులో తెల్లవారుజామున తూర్పున మళ్లీ తేలుతుంది. ఆ సమయంలో లేచి చూసేవాళ్లు తక్కువ, అమ్మాయికి అలారం పెట్టమనండి.